ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే వరదకు ముందే ఎలా సిద్ధపడాలి

వానాకాలం మొదలైతే చాలు, నన్ను అందరూ అడిగేది ఇదే. "మామగారికి పక్షవాతం, లేవలేరు. మాది విజయవాడ పాయకాపురం. మళ్లీ నీళ్లొస్తే ఏం చేయాలి?" ఇంకొకరిది భవానీపురం, అమ్మకు డయాలసిస్. గుంటూరు నుంచి ఒకరు, నాన్నగారు ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నారని, తుపాను మాట వింటేనే టెన్షన్ అని. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. నడవలేని మనిషి ఉన్న ఇల్లు చుట్టుపక్కల ఇళ్లకన్నా ముందు కదలాలి. అందరితో పాటు వెళ్దాంలే అనుకుంటే మీకు ఆలస్యమైపోయినట్టే. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కాళ్లున్నవాళ్లు నడుంలోతు నీళ్లలో ఫ్లైఓవర్ దాకా వచ్చేశారు. మంచం మీదున్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు మేడల మీద చిక్కుకుపోయారు. పల్లపు వీధుల్లో రోజుల తరబడి నీళ్లు దిగలేదు. కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. అందుకే కింద చెప్పేవన్నీ ఎండ కాస్తున్న రోజునే చేసుకోండి.

సమకూర్చుకోవలసినవి

ఒక పెద్ద సంచి, ఒక చిన్న సంచి. చిన్నది ఎప్పుడూ మీ భుజాన ఉండేది, పెద్దది ఎవరైనా మోసేది. రెండూ కింది అంతస్తులో, మంచం కింద పెట్టొద్దు. అటక మీదో, మేడ మీదో ఉండాలి.

చిన్న సంచిలో:
- వారం రోజుల మందులు, మందుల చీటీ, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య పథకం కార్డు, సదరం (వైకల్యం) సర్టిఫికెట్, పింఛను కాగితాల జిరాక్సులు, నీళ్లు చొరని కవర్లో
- షుగర్ మిషన్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి
- పవర్ బ్యాంకు, టార్చి, విజిల్
- కొంత నగదు, చిన్న నోట్లలో. కరెంటు పోతే ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు
- మీ సొంత మందులు. చూసుకునేవాళ్లు చాలామంది తమ బీపీ మాత్రలు ఇంట్లోనే వదిలేసి వస్తారు

పెద్ద సంచిలో:
- ఇంకో వారం మందులు
- డైపర్లు, అడుగున వేసే రబ్బరు షీటు, నల్ల చెత్త కవర్లు, చేతి గ్లౌజులు
- క్యాథటర్ ఉంటే రెండు యూరిన్ బ్యాగులు. ముక్కు గొట్టం ఉంటే ఫీడింగ్ సిరంజీలు
- పాత దుప్పటి, గట్టిది. దేనికో ఏడో మెట్టులో చెబుతాను
- అటుకులు, సగ్గుబియ్యం, రాగిపిండి, బిస్కెట్లు, మంచినీళ్లు
- క్లోరిన్ మాత్రలు, దోమల చక్రాలు, కళ్లజోడు, కట్టుడు పళ్ల డబ్బా, వినికిడి మిషన్ బ్యాటరీలు

సంచి సర్దడం ఒక్కసారితో అయిపోదు. మృగశిర కార్తెకు ఒకసారి, తుపాన్ల కాలం ముందు దసరాకు ఒకసారి తీసి చూడండి. పాత స్ట్రిప్పులు ముందు వాడేసి, కొత్తగా కొన్నవి సంచిలో పెట్టండి. ఇలా తిప్పుతూ ఉంటే ఏదీ గడువు దాటిపోదు, అదనపు ఖర్చు కూడా మొదటిసారి మాత్రమే.

1. మీ ఇంటికి నీళ్లు ఎటునుంచి వస్తాయో తెలుసుకోండి

విజయవాడకు ప్రమాదం ఒకవైపు నుంచి రాదు. కృష్ణ వేరు, బుడమేరు వేరు. కృష్ణలో వరద వస్తుంటే పైన పులిచింతల నుంచి ఎంత వదిలారో ముందే వార్తల్లో వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024లో 11 లక్షలు దాటింది. రాణిగారితోట, కృష్ణలంక వాళ్లు చూసుకోవలసింది ఈ అంకె.

సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, పాయకాపురం, వాంబే కాలనీ వాళ్లకు ఈ అంకె ఒక్కటే చాలదు. బుడమేరు మైలవరం వైపు కొండల నీళ్లతో పొంగుతుంది, చాలా తొందరగా పొంగుతుంది. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారా అన్నదే మీకు కావలసిన కబురు. టీవీలో బ్యారేజీ చూపిస్తూ "ఇంకా హెచ్చరిక లేదు" అంటున్నారని నిశ్చింతగా కూర్చోవద్దు.

మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ కొండవాలు ఇళ్లకు ప్రమాదం వేరే రకం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ పడి ప్రాణాలు పోయాయి. గుంటూరు వాళ్లకు వరదకన్నా తుపాను గాలి, కరెంటు కోత, వీధిలో నిలిచే నీళ్లే ఎక్కువ బాధ. మూడొంతెనల కింద, కంకరగుంట అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే అంబులెన్సుకు కూడా దారి మూసుకున్నట్టే, కాబట్టి జీజీహెచ్‌కు (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) ఇంకో దారి ఏదో ముందే చూసుకోండి.

2. బయల్దేరే గీత గీసుకోండి

"పరిస్థితి చూసి నిర్ణయిద్దాం" అన్న ఇంట్లో నిర్ణయం ఎప్పటికీ జరగదు. వాన మధ్యలో అన్న ఒకటంటాడు, తమ్ముడు ఒకటంటాడు. ఇప్పుడే కాగితం మీద రాసి, ఇంట్లో అందరూ ఒప్పుకోండి. ఇలా ఉండొచ్చు:

- బుడమేరు పక్కన: మన జిల్లాకు వాతావరణ శాఖ ఎరుపు హెచ్చరిక ఇచ్చిన సాయంత్రం, చీకటి పడకముందే.
- నది పక్కన: మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే బండి మాట్లాడుకోవాలి. రెండోది వచ్చేసరికి ఇంట్లో ఉండకూడదు. కృష్ణలంక రక్షణ గోడ 2024లో నదిని ఆపింది నిజమే. కానీ మంచం మీది మనిషిని ఆ ధైర్యంతో ఉంచొద్దు.
- కొండవాలు: రాత్రంతా వాన ఆగకపోతే తెల్లారగానే.
- తుపాను: తీరం దాటడానికి ఒక రోజు ముందే. గాలి మొదలయ్యాక ఆటో రాదు.

చాలాసార్లు ఏమీ జరగదు, తిరిగి ఇంటికి వచ్చేస్తారు. "అనవసరంగా తిప్పావు" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి.

3. ఎక్కడికి, ఎలా

పునరావాస కేంద్రం మొదటి ఎంపిక కాకూడదు. అక్కడ నేల మీద పడక, బాత్‌రూముల దగ్గర వరుస. నడవలేని మనిషికి అది కష్టం. మెరక మీద ఉన్న చుట్టాలిల్లు, అందులోనూ కింది అంతస్తు లేదా ఒక్క అంతస్తు మెట్లున్నది మేలు. లిఫ్టు ఉందని నాలుగో అంతస్తు ఒప్పుకోవద్దు. కరెంటు పోతే అక్కడే చిక్కుకుంటారు.

దూరం మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. 2024లో నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాద్ జాతీయ రహదారి మీదికే నీళ్లొచ్చాయి, కాజీపేట వైపు రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. రెండు చోట్లు ఖాయం చేసుకోండి: ఒకటి ఊళ్లోనే, ఇంకొకటి నదికి అవతల తాడేపల్లి, గుంటూరు, తెనాలి వైపు.

ఆ ఇంటివాళ్లను ముందే, నేరుగా అడగండి. "అవసరమైతే వస్తాంలే" అని వదిలేయకండి. "వదినా, ఎరుపు హెచ్చరిక వస్తే అత్తయ్యను మీ ఇంటికి తెస్తాను. మంచం ఎక్కడ వేద్దాం? కమోడు ఉందా?" అని ఆ ఇంట్లో నిలబడి మాట్లాడుకోండి.

అసలు కష్టం పెద్దవాళ్లను ఒప్పించడం. "నేనెక్కడికీ రాను, పోతే ఈ ఇంట్లోనే పోతాను" అంటారు. ఆ క్షణంలో వాదిస్తే మొండికేస్తారు. వరద గురించి భయపెట్టడం కన్నా, "కరెంటు పోతే నీకు ఊపిరి ఆడదు నాన్నా, రెండు రోజులు అక్క దగ్గర ఉండొద్దాం" అన్న మాట పనిచేస్తుంది. వాళ్లు వదలలేని వస్తువు ఒకటుంటుంది: దేవుడి పటం, పెట్టె తాళం, పాత ఫోను. అది సంచిలో కనబడేలా పెట్టండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు ముందుగా చెప్పడం వల్ల ఉపయోగం లేదు. బయల్దేరేటప్పుడే చెప్పండి, తెలిసిన మనిషి చెయ్యి వదలకుండా ఉండాలి. జేబులో ఒక ఫోను నంబరు, బట్ట మీద ఒకటి రాసి ఉంచండి.

4. ఒక కాగితం రాయండి

మీ తలలో ఉన్నదంతా ఒక పేజీలోకి రావాలి. మనిషి పేరు, వయసు, రక్తం గ్రూపు, జబ్బులు, పడని మందులు. ఏ మాత్ర ఎప్పుడు, తిన్న తరవాతా ముందా. ఎలా తినిపించాలి, ఎటు తిప్పి పడుకోబెట్టాలి, నొప్పి వస్తే ఎలా తెలుస్తుంది. మాట రాని మనిషైతే ఈ చివరిదే అన్నిటికన్నా అవసరం. డాక్టరు నంబరు, వేరే ఊళ్లో ఉన్న ఒక బంధువు నంబరు. మందుల పేర్లు స్ట్రిప్పు మీద ఉన్న అక్షరాల్లోనే రాయండి. లామినేషన్ చేయించి ఒకటి సంచిలో, ఒకటి మంచం దగ్గర, ఒక ఫోటో బంధువుల ఫోన్లో.

సరిగా రాశారో లేదో ఇలా చూడండి: మీ ఆడపడుచుకో, మరిదికో కాగితం ఇచ్చి, ఒక పూట మొత్తం వాళ్లనే చూసుకోమనండి. మీరు పక్కనే ఉండండి కానీ నోరు విప్పొద్దు. వాళ్లు మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా కాగితంలో లేని సంగతే. అది చేర్చండి.

5. మందులు, ఇన్సులిన్, డయాలసిస్

మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, రక్తం పలచబరిచేవి డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఇవి వేరే కవర్లో పెట్టి పైన రాయండి.

వాడుతున్న ఇన్సులిన్ సీసా చాలా రకాల్లో 30 డిగ్రీలు దాటకపోతే ఫ్రిజ్ బయట సుమారు నాలుగు వారాలు ఉంటుంది. మీది ఎంతో పెట్టెలోని కాగితంలో చూసుకోండి. మన ఊరి ఉక్కకు ఇలా చేయండి: పెద్ద మట్టికుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న ముంత, ముంతలో కవర్లో చుట్టిన సీసా, పైన తడి బట్ట. ఐస్ గడ్డల మీద నేరుగా పెట్టడం అందరూ చేసే పొరపాటు. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. నీళ్లలా ఉండాల్సింది మబ్బుగా మారినా, తెల్లటి రకంలో ఉండలు కట్టినా వాడొద్దు.

తిండి దొరకని పూట ఎంత డోసు వేయాలో డాక్టరును ఇప్పుడే అడిగి ఆ కాగితంలో రాయండి. మామూలు డోసు వేసి అన్నం దొరక్కపోతే షుగర్ పడిపోతుంది. భయపడి మొత్తం మానేయడమూ ప్రమాదమే.

డయాలసిస్ వాళ్లు తుపాను కబురు రాగానే సెంటరుకు ఫోన్ చేసి, ఒక రోజు ముందుకు జరపమని అడగండి. వేరే సెంటరుకు వెళ్లాల్సి వస్తే వాళ్లు అడిగేవి డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), చివరి చార్టు, హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టులు. ఇవి చిన్న సంచిలో ఉండాలి. సాయం చేసేవాళ్లు ప్రేమగా కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, ఓఆర్ఎస్ ఇస్తారు. మామూలు మనిషికి అవి ప్రాణం పోస్తాయి. డయాలసిస్ మనిషికి వాటిలోని పొటాషియం గుండెకు ముప్పు. మంచం దగ్గరే పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

6. కరెంటు మీద నడిచేవి

5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు లాగుతుంది. ఇంట్లో ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ, ఫ్యాన్లు ఆపేసి దీనికొక్కదానికే ఇచ్చినా మూడు గంటలు, బ్యాటరీ కొత్తదైతే కాస్త ఎక్కువ. "ఇన్వర్టర్ ఉందిగా" అనే ధైర్యం అక్కడితో అయిపోతుంది. బి టైపు ఆక్సిజన్ సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు పెడితే 12 గంటలు. కాబట్టి ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి ఇంట్లో ఉండిపోవడం అనే దారే లేదు. సిలిండర్ దారిలో వాడటానికి, కాన్సంట్రేటర్ చేరిన చోట వాడటానికి. ఆక్సిజన్ దగ్గర దీపం, అగరుబత్తి, నూనె చేతులు ఉండకూడదు.

సరిచూసుకోవడానికి ఒక పగటిపూట మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ మీద మిషన్ ఎంతసేపు నడిచిందో గడియారం చూసి రాయండి. సిలిండర్ పక్కన సిద్ధంగా ఉంచుకునే ఈ పని చేయండి. ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద ఉంటే స్టాండు వేయించి ఎత్తులో పెట్టించండి.

గాలి పరుపు కరెంటు పోగానే మెత్తబడి, అడుగున గట్టి బల్ల తగులుతుంది. ఆ క్షణం నుంచి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. ముక్కు గొట్టం ఉన్నవాళ్లకు మిక్సీ ఆడదు కాబట్టి వడకట్టిన రాగిజావ పలచగా చేసి డాక్టరు చెప్పిన కొలతలో ఇవ్వడం అలవాటు చేసి ఉంచండి.

7. ఎత్తడం నేర్చుకోండి

చక్రాల కుర్చీ నీళ్లలో పనికిరాదు. అడుగున గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనబడదు. నలుగురు, ఒక గట్టి దుప్పటి కావాలి. మనిషిని పక్కకు తిప్పి, సగం చుట్టిన దుప్పటి వీపు కింద పెట్టి, ఇటు తిప్పి లాగండి. అంచులు మనిషి ఒంటి దగ్గరదాకా చుట్టి పిడికిళ్లతో పట్టుకుని, ఒకరు "ఒకటి, రెండు, మూడు" అంటే నలుగురూ కలిసి లేపాలి. మోకాళ్లు వంచాలి, నడుము కాదు.

మెట్లు దిగేటప్పుడు కాళ్లు ముందు. ఎక్కేటప్పుడు తల ముందు. ఆయాసం ఉన్నవాళ్లను పడుకోబెట్టి మోయకూడదు. చెక్క కుర్చీలోనో ఇనుప కుర్చీలోనో కూర్చోబెట్టి, ఛాతీ దగ్గర చున్నీతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కాళ్లు విచ్చుకుంటాయి. తినిపించిన వెంటనే ఎత్తొద్దు, గంట ఆగండి. యూరిన్ బ్యాగు ముందే ఖాళీ చేసి నడుము కన్నా కిందే వేలాడేలా పట్టుకోవాలి. దాన్ని పొట్ట మీద పెట్టి మోయడం వల్ల మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది.

ముందు మనిషితో కాదు, 25 కిలోల బియ్యం బస్తాలు రెండు దుప్పట్లో వేసి మీ మెట్ల మలుపు దగ్గర తిప్పి చూడండి. ఎక్కడ ఇరుక్కుంటుందో అప్పుడు తెలుస్తుంది. ఆ నలుగురు ఎవరో పేర్లు రాసుకోండి. పక్కింటి అబ్బాయిలైతే వాళ్ల అమ్మానాన్నలతో కూడా మాట్లాడండి. వరద రోజున వాళ్లకూ సొంత ఇల్లుంటుంది, అందుకే అదనంగా ఇద్దరి పేర్లు ఉండాలి.

8. వెళ్లలేకపోతే

గుమ్మం ముందు నీళ్లు కనబడితే ముందు మెయిన్ ఆపండి, తడి చేతులతో కాదు. గ్యాస్ రెగ్యులేటర్ మూసి, సిలిండర్‌ను తాడుతో కట్టండి, లేకపోతే తేలిపోతుంది. మనిషిని, సంచులను, మంచినీళ్లను పైకి చేర్చండి. సామాను తరవాత. మేడ లేని ఇల్లైతే ఎదురింటి పై అంతస్తు ముందే మాట్లాడుకుని ఉండాలి.

112, 108, విపత్తు కంట్రోల్ రూమ్ 1070 సేవ్ చేసుకోండి. ఫోన్ కలిస్తే "కాపాడండి" అని మొదలుపెట్టకండి. ఈ వరసలో చెప్పండి: ఎక్కడ, ఏ గుడి లేదా స్కూలు దగ్గర, ఎన్నో అంతస్తు, లేవలేని మనిషి, బరువు ఎంత, ఆక్సిజన్ ఉందా, మోయడానికి ఇంట్లో ఎంతమంది. ఇది తెలిస్తేనే తగిన పడవ, తగినంత మంది వస్తారు. మీ సచివాలయంలో ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు మీ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారని ఇప్పుడే చెప్పి ఉంచండి. పైనుంచి కనబడేలా ముదురు రంగు చీర పిట్టగోడకు కట్టండి.

ఫోన్లో ఛార్జింగ్ మిగలాలంటే గంటకోసారి ఆన్ చేసి, ఆ ఊరి బయటి బంధువుకు ఒక్క మెసేజ్ పెట్టి ఆపేయండి. మిగతా చుట్టాలందరికీ ఆ ఒక్కరే కబురు చెబుతారు.

9. నీళ్లు తగ్గాక

మనిషిని వెంటనే తీసుకురావొద్దు. ముందు మీరొక్కరే వెళ్లి చూడండి. తడిసిన స్విచ్‌బోర్డులు, మిషన్లు ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడకూడదు. మంచం కింద, బట్టల కుప్పల్లో పాములుంటాయి, కర్రతో కదిపి చూడండి. వరద నీరు తగిలిన మందులు, సిరంజీలు, డైపర్లు పారేయండి, కవరు బాగున్నట్టు కనబడినా. నేల బ్లీచింగ్‌తో కడిగి పూర్తిగా ఆరాలి. తాగే నీళ్లు తెర్లిన తరవాత ఇంకో నిమిషం కాగనివ్వండి.

మనిషి ఒళ్లు తల నుంచి మడమల దాకా టార్చి వేసి చూడండి: పిరుదుల దగ్గర, మడమల మీద ఎర్రబడి, నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఆ తరవాత మీ కాళ్లు చూసుకోండి. నీళ్లలో తిరిగిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లి, వరద నీళ్లలో నడిచానని మీరే డాక్టరుతో చెప్పండి.